నాలుగో గది బాటసారి

టైలరమ్మకు ఆ బాటసారి మీద మొదటి రోజే అనుమానం వచ్చింది.

బాటసారి అంటే కంప్యూటర్ తెర మీద కనిపించే పేరు. మనిషెవరో తెలియదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని కొన్న ఆ కంప్యూటర్ కుట్టు మిషను పక్కనే ఉంటుంది. సాయంత్రం ఆరు కాగానే కూతురు ఫోను వైరు పీకి దానికి తగిలిస్తుంది. అది కాసేపు కీచుమని గోల చేసి ఊరుకుంటుంది. ఇక గంటసేపు ఇంటికి ఫోన్ రాదు, పిల్ల ఈ లోకంలో ఉండదు.

"ఎవరే అతను?"

"చాట్ ఫ్రెండమ్మా."

"ముఖం తెలీనివాడితో రోజూ ఏం కబుర్లే?"

"వాడూ గీడూ అనకమ్మా!"

ఆ వెనకేసుకు రావడం చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

అసలే ఇంట్లో ఇంకో తలనొప్పి. పిల్ల ఇంజినీరింగ్ మానేసి బొమ్మలు గీసే కోర్సులో చేరింది. అప్పటినుంచి, ఎనిమిది నెలలుగా, తండ్రీకూతుళ్లకు మాటల్లేవు. "ఆయన్ని సంతకం పెట్టమను" అని కూతురు, "దాన్ని తిని పడుకోమను" అని ఆయన. మధ్యలో టైలరమ్మది పోస్టుమ్యాన్ ఉద్యోగం. ఇప్పుడీ సంగతి ఆయన చెవిన పడితే ఇల్లు పీకి పందిరేస్తాడు. పైగా ఈమధ్య గోడౌన్‌లో ఓవర్‌టైమంటూ ఏడున్నరకు గానీ ఇల్లు చేరడం లేదు. అందుకే ఆ భయమంతా ఆమె ఒక్కతే మోస్తోంది.

ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగు చదవడం ఆమెకు నత్తనడకే. అయినా టేపు పట్టుకుని కిటికీ పరదా కొలుస్తున్నట్టు నటిస్తూ, కూతురి భుజం మీదుగా కూడబలుక్కుంటూ చదివేది. బొమ్మలెలా వేస్తున్నావు, రంగులకు ఇబ్బంది లేదు కదా, వేళకు తింటున్నావా... అన్నీ తీపి మాటలే. ఇలాంటివాళ్లు ముందు ఇలాగే వల వేస్తారని ఆమెకు గట్టి నమ్మకం.

అదే పరదాను నాలుగోసారి కొలిచిన రోజున తెర మీద ఇంకో మాట కనబడింది.

"రాత్రంతా దగ్గావుగా. మందు వేసుకున్నావా?"

టేపు చేతిలోంచి జారిపోయింది. పిల్ల రాత్రి దగ్గిన సంగతి బయటివాడికెలా తెలిసింది? అంటే వాడు ఇంటి చుట్టూ తిరుగుతున్నాడన్నమాట! ఆ రాత్రి కిటికీలన్నీ బిగించి, తలుపు గడియ రెండుసార్లు చూసుకుంది.

మర్నాడు వాడే నోరు జారాడు.

"బస్టాండు దగ్గర నెట్ సెంటర్లోనే ఉన్నా. ఈ నాలుగో నంబరు గదిలో ఫ్యాన్ తిరగదు, ఒకటే చెమట."

టైలరమ్మ కత్తెర కింద పెట్టి, చెక్క స్కేలు అందుకుంది.

"ఎక్కడికమ్మా?"

"నీ నాలుగో గదివాడి దగ్గరికి. ఇవాళ వాడి తాట తీసి వస్తా!"

"అమ్మా, ఆగు! చెప్పేది విను..."

వినే ఓపిక ఎక్కడిది? చెప్పుల్లో కాళ్లు సరిగ్గా దూర్చకుండానే వీధిలో పడింది. బస్టాండు దాకా ఆఘమేఘాల మీద నడిచింది. వాడు రౌడీ అయితే? పక్కన ఇంకో నలుగురుంటే? ఉంటే ఉండనీ, పిల్ల కంటే ఎక్కువా?

నెట్ సెంటర్లో చెక్క గదులు వరసగా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పరదా. టైలరమ్మ స్కేలు పైకెత్తి నాలుగోదాని పరదా ఒక్క గుంజు గుంజింది.

కుర్చీ ఖాళీ. చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వెచ్చగానే ఉంది. అవతల వెనక తలుపు ఊగుతోంది.

తెర మాత్రం వెలుగుతూనే ఉంది. అన్నిటికంటే కింద, అప్పుడే కూతురు పంపిన ముక్క. టైలరమ్మ రొప్పుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది.

"అమ్మ అక్కడికే వస్తోంది, తొందరగా లేచి వెళ్లిపో నాన్నా!"