లోపలికి వెళ్లిన పిట్ట

వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకి గిజిగాడు కొత్త గూడు అల్లాడు. కిందటిసారి అల్లిన గూడు ఏ ఆడపిట్టకీ నచ్చక తనే పీకి పారేశాడు. అందుకే ఈసారి ఆవిష్కరణ సభ పెట్టి అడవిలో పెద్దలందరినీ పిలిచాడు. ఉత్సాహంతో అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు.

అధ్యక్షురాలు కోయిల. జన్మలో గూడు కట్టలేదు గానీ, గూళ్ల గురించి ఆవిడలా మాట్లాడేవాళ్లు లేరు.

"వస్తువు పాతదే. శిల్పం మాత్రం కొత్తది!" అంది.

కొంగ కిందనుంచే మెడ చాచి, "గుమ్మం అడుగున పెట్టడం గొప్ప సాహసం!" అన్నాడు.

చిలుక ఆ రెండు మాటలూ కలిపి మళ్లీ చెప్పింది. అందరూ రెక్కలు కొట్టారు. గిజిగాడు పొంగిపోయాడు.

అంతలో ఒక ఆడపిట్ట ఎవరినీ అడక్కుండా గూట్లోకి దూరిపోయింది.

"సభ నడుస్తుంటే అదేం పనమ్మా!" అని కోయిల కసిరింది.

ఇంతసేపు మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరూ లోపలికి తొంగి చూడలేదని గిజిగాడికి అప్పుడు తట్టింది.

గూడు ఊగింది. లోపల పీచు లాగుతున్న చప్పుడైంది. పీకేస్తోందా?

"ఎలా ఉందమ్మా?" అన్నాడు గిజిగాడు.

"ఈ మూల గుచ్చుకుంటోందయ్యా! మెత్తటి పీచు తెచ్చిపెట్టు. త్వరగా, గుడ్డొచ్చేస్తోంది!"

"ఇప్పుడు గూటికర్త తన స్పందన తెలియజేస్తారు," అని కోయిల గంభీరంగా ప్రకటించింది.

గూటికర్త అప్పటికే కూతలు పెట్టుకుంటూ, పీచు కోసం వాగు దాటిపోయాడు.