దసరా దాటదు

లింగస్వామి బత్తాయి మొక్కను వేళ్లతో సహా పీకి పాస్టరు కాళ్ల ముందు పడేశాడు.

"దసరా లోపల లోకం అంతమైతదని మా ఇంటామెకు చెప్పినవ్. మరి అయిదేండ్లకు కాత పట్టే చెట్టు ఎవనికోసం పెడుతున్నవ్?"

పాస్టరు ఇస్రాయేలు గుంతలోంచి పైకి వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. తువ్వాలతో చేతులు తుడుచుకున్నాడు. వంగి మొక్కను తీసి, వేళ్లమీద తడిమట్టి కప్పి, గట్టు నీడలో పెట్టాడు. ఆ తర్వాతే మాట్లాడాడు.

"నేను చెప్పలే, లింగన్నా."

"మరెవరు చెప్పిండ్రు? మా ఇంట్ల నీ చర్చికొచ్చేది ఆమె ఒక్కతే. నేనెప్పుడన్న అడ్డం చెప్పిన్నా? ఆదివారమైతే బండి మీద తెచ్చి దించిపోతున్న గద."

"అడ్డం చెప్పలే. మంచోనివే."

"మంచోణ్ణనే గదా మోసం చేస్తున్నవ్."

పాస్టరు గట్టు మీద కూర్చున్నాడు. "అంత్యదినాల వాక్యం చెప్పిన మాట నిజమే. కరువులు, యుద్ధాలు, భూకంపాలు, అన్నీ చెప్పిన. తారీఖు చెప్పలే. ఆ గడియ దేవదూతలకే తెల్వదట. నాకెట్ల తెలుస్తది? వాన ఎప్పుడొస్తదో తెల్వకనే రెండుమాట్లు పత్తి గింజలు పెట్టినోణ్ణి."

లింగస్వామి నవ్వలేదు. వారం నుంచి అతను ఈ చేను చుట్టూ ఏదో ఒక పని పెట్టుకొని తిరుగుతున్నాడు. గుంతలు తవ్వడం చూశాడు. డ్రిప్పు పైపులు దించడం చూశాడు. లోకం ఉండదని తెలిసినవాడు కంచె వేయడు. అంటే ఈ మనిషి జనానికి చెప్పేది ఒకటి, తాను నమ్మేది ఇంకొకటి.

"ఇంట్ల ఏమైతాందో నీకెరుకనా?" అన్నాడు. "పాడిబర్రెను బిడ్డ ఇంటికి తోలిచ్చింది. కాళ్ల కడియాలు తీసి బిడ్డకే ఇచ్చింది. బతుకమ్మకు చీర తెస్తనంటే వద్దంటది. ఏందంటే, దసరా దాటదు, ప్రభువు తీస్కపోతడు అంటది. పొద్దుగాల లేస్తే నన్ను పొయ్యికాడ నిలబెట్టి ఎసరు చూడమంటది."

"లోకం అంతమైతుంటే నీకు వంటెందుకు?"

"గదే సమజైతలేదు. పరలోకంల మొగోళ్లే వండాల్నేమో అనుకున్న. నీ వాక్యంల ఏముందో నాకేమెరుక."

పాస్టరుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"నవ్వకు. నల్లగొండల ప్రార్థన కూటాలని ఎండకాలమంత తిప్పినవ్ ఆమెను. ఆడనే ఎక్కించిండ్రు గివన్ని."

పాస్టరు ముఖంలో నవ్వు పోయింది. "ఏ కూటాలు?"

"మీ కూటాలే. పొద్దటి బస్సుకు పోయి, చివరి బస్సుకు వచ్చేది."

"ఈ యేడు నల్లగొండల మాకు కూటాలే జరగలే, లింగన్నా."

లింగస్వామి అతని కళ్లలోకి చూశాడు. అబద్ధమాడే మనిషి రోడ్డు వైపో, కాలువ వైపో చూస్తాడు. పాస్టరు తనవైపే చూస్తున్నాడు. ఇంత కాలం పాస్టరు మీద ఉన్న అనుమానం అక్కడినుంచి లేచి ఇంటి వైపు నడిచింది. సైదమ్మ మంచి చీర కట్టుకొని పోయేది. ఫోను ఇంట్లోనే మరిచేది. తిరిగొచ్చి అన్నం ముట్టకుండా పడుకునేది. ఎక్కడికి పోయింది? ఎవరిని కలిసింది?

"బండెక్కు," అన్నాడు. గొంతు తగ్గింది. "ఆమె నా సంసారాన్ని మూట గడుతాంది. గీ మాట ఆమె ముందట చెప్పు. ఆ మూట నువ్వన్న విప్పించు."

వాళ్లు ఇంటికి వచ్చేసరికి సైదమ్మ వాకిట్లో గోడకు ఆనుకొని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. పాస్టరును చూసి కొంగు నెత్తిన వేసుకుంది.

"వందనాలు అయ్యగారూ. కూసోండి."

"కూసునుడు తర్వాత," అన్నాడు లింగస్వామి. "నల్లగొండల కూటాలే కాలేదంట. యాడికి పోయినవ్?"

సైదమ్మ చాటను ఒకసారి కుదిపింది. ఒక రాయి ఏరి పక్కన వేసింది.

"చెల్లె," పాస్టరు మెల్లగా అన్నాడు, "దసరా అని నేనెన్నడన్న చెప్పిన్నా?"

"లేదయ్యగారూ. మీరు చెప్పలే."

లింగస్వామి మెడ వంచాడు. పీకేసిన మొక్క గుర్తొచ్చిందేమో, పాస్టరు వైపు చూడలేకపోయాడు.

"వేరే బోధకుడెవరన్న చెప్పిండా?" అన్నాడు పాస్టరు. "నమ్మకు చెల్లె. కాలం గురించి ఖాయంగ చెప్పేటోడు అబద్ధ ప్రవక్త."

"అబద్ధమాడేటోని లెక్క లేడయ్యగారూ. చెప్పనీకే శాన సేపు ఎనకముందాడిండు."

"పేరు చెప్పు," అన్నాడు లింగస్వామి. "పోయి వాని గల్ల పట్టుకుంట. లోకం ఎప్పుడు మునుగుతదో వానికెట్ల తెలుసో అడుగుత."

సైదమ్మ చాట కింద పెట్టింది. పాస్టరును కాదు, మొగుణ్ణి చూసింది.

"లోకం సంగతి ఆయన చెప్పలే. దవాఖానల స్కానింగు చూసి, నా ఒక్కదాని సంగతే చెప్పిండు."