రాతిబల్ల తీర్మానం

"సాయంత్రం వార్డు మీటింగులో తీర్మానం, పొద్దున్నకల్లా బల్ల మాయం!" అన్నాడు వార్డు మెంబరు, స్కూటరు దిగకుండానే. "ఆ జాగాలో అందరం బళ్ళు పెట్టుకోవచ్చమ్మాయీ. ఇవాళ తీర్మానం కాలేదంటే మాత్రం మంజూరైన పని పక్క వార్డుకి పోతుంది. ఇక మనకి రాదు."

గుమ్మంలో నిలబడ్డ కొత్తకోడలు గభాల్న బల్లవంక చూసింది. ఎదురుగా ఉన్న ఆ రాతిబల్ల అంటే ఆమెకు ప్రాణం. ఇంట్లో మొగుడితో గుసగుసలాడితే వంటింట్లోంచి అత్తగారు జవాబు చెబుతారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఇద్దరూ కబుర్లాడుకునేది ఆ బల్ల మీదే. పగలంతా ఎండ తాగి, సాయంత్రానికి కప్పుకున్న దుప్పటిలా గోరువెచ్చగా ఉంటుంది.

"నానమ్మగారూ, విన్నారా?" అంటూ లోపలికి పరిగెత్తింది.

ఆవిడ భర్తకు నానమ్మ. ఊరు ఇంకా పంచాయతీగా ఉన్న రోజుల్లో ప్రెసిడెంటుగా చేసింది. ఆ బల్ల వేయించింది ఆవిడే. పదవి పోయి ఎన్నేళ్ళయినా వీధికి ఇప్పటికీ ప్రెసిడెంటమ్మే.

"విన్నాలే. చెముడు మీ మావయ్యకి, నాకు కాదు."

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి. తీర్మానానికి ఒక్కరు కూడా చెయ్యెత్తరు."

"ఎందుకెత్తరే పిచ్చిదానా? ఇంటికో బండుంది. చేతులెత్తిస్తే ఓడిపోతాం." నానమ్మ పడక్కుర్చీలో వెనక్కి వాలింది. "మా రోజుల్లో హాలెక్కడిది? మీటింగంటే ఆ బల్ల చుట్టూనే. దీపస్తంభం ఎక్కడ పాతాలన్నా, కాలవ ఎటు తవ్వాలన్నా అక్కడే తిట్టుకునేవాళ్ళం, అక్కడే టీ తాగేవాళ్ళం. ఇంటికెళ్ళేటప్పటికి ఎవరు ఎవర్ని తిట్టారో ఎవరికీ గుర్తుండేది కాదు." కాసేపు వీధివంక చూసింది. "సరే, వెళ్ళేముందు ఆ మూటలో వేరుశనక్కాయలు వేయించి పెట్టు."

"ఎన్ని?"

"అన్నీ."

"మీకు పళ్ళే లేవు కదా!"

"వాసన చూస్తాను. నీకెందుకూ?"

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు! కొత్తకోడలు మూతి ముడుచుకునే కాయలన్నీ వేయించింది. పెద్ద చేటలో కుమ్మరించి నానమ్మ ముందు పెట్టింది. ఆఫీసు నుంచి తిన్నగా మీటింగుకే రమ్మని భర్తకు ఫోన్ చేసి, మాట్లాడాల్సింది దారిపొడుగునా వల్లెవేసుకుంటూ బయల్దేరింది.

హాల్లో వరసగా ఖాళీ కుర్చీలు. ఎవరికోసమో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. టేబులు దగ్గర గుమాస్తా ఒక్కడే ఆవలిస్తున్నాడు.

"మెంబరుగారేరండీ?"

"ఎప్పుడో బయల్దేరారమ్మా. మీ వీధిలోంచే రావాలి."

ఇద్దరూ ఎదురుచూశారు. మెంబరు రాలేదు. వీధివాళ్ళు రాలేదు. ఆఖరికి కట్టుకున్నవాడు కూడా రాలేదు. గుమాస్తా గడియారం చూసి ఫ్యానాపేశాడు.

"పదిమందైనా లేందే కోరం లేనట్టేనమ్మా. మీటింగు రద్దు. తీర్మానం లేదు."

"అంటే బల్ల ఉంటుందా?"

"ఉంటుంది. పనే పక్క వార్డుకి పోతుంది."

ఎగిరి గంతేయాల్సింది. కానీ తలుపుకి తాళం పడుతుంటే ఆమె కిటికీలోంచి ఆ ఖాళీ కుర్చీలవంకే చూసింది. బల్ల దక్కింది, సరే. దాన్ని ఉంచమనడానికైనా, తీసెయ్యమనడానికైనా ఒక్క మనిషి రాలేదే! నానమ్మ చెప్పిన ఆ ఊరు ఎటు పోయింది?

వీధి మలుపు తిరగ్గానే వేయించిన వేరుశనక్కాయల వాసన గుప్పుమంది.

బల్ల చుట్టూ వీధి వీధంతా ఉంది. బళ్ళు ఎక్కడివక్కడ ఆపేసి, దర్జీ, పాలవాడు, డ్రిల్లు మాస్టారు, ఇంకా ఎవరెవరో, కొందరు బల్ల మీద, కొందరు నేల మీద. నోటినిండా పప్పులతో ఆమె భర్త. మధ్యలో చేట ఒళ్ళో పెట్టుకుని నానమ్మ.

"హాలుకే బయల్దేరానే," అన్నాడు భర్త నమలడం ఆపకుండా. "ఒక్క కాయ తినిపొమ్మంది."

"...చెప్పు కాస్తా కాలవలో పడేసుకుని, మా అమ్మ చంపేస్తుందని ఈ బల్ల మీదే కూచుని ఏడ్చాడర్రా," అంటోంది నానమ్మ. "చీమిడి ముక్కు వెధవ! ఊరుకోబెట్టడానికి మీటింగే ఆపాల్సొచ్చింది."

అందరూ పగలబడి నవ్వారు.

"నానమ్మగారూ! కోరం లేక మీటింగు రద్దయింది!"

"తెలుసు," అంది నానమ్మ, ఆమె దోసిట్లో గుప్పెడు కాయలు పోస్తూ. "ప్రెసిడెంటుగా నేను నేర్చుకున్న మొదటి పాఠమే అది."

"అయ్యో, రద్దయిందా!" నానమ్మ వెనకనుంచి తొక్కలు దులుపుకుంటూ లేవబోయిన వార్డు మెంబరు, మళ్ళీ చతికిలబడి చేటలో చెయ్యి పెట్టాడు. "పోతే పోయింది గానీ, ప్రెసిడెంటమ్మా, ఆ ఏడ్చింది నేనేనని మాత్రం వీళ్ళకి చెప్పకండి!"