కుక్కర్ కూత

ఏడో తరగతికి రాగానే లిఖిత చెవిపోగు బడిలో తీసేశారు. ధ్యాస నిలవని పిల్లలందరికీ ఆ పోగు ఉంటుంది. తర్వాత ఏం చెయ్యాలో అమ్మ గొంతుతో చెవిలో చెబుతుంది. లిఖిత అమ్మ ఇందుమతి తన మాటల్ని వంటింట్లో నిలబడి రికార్డు చేసింది. అందుకే ఒక్కో పని చెప్పాక ఒక కుక్కర్ కూత కూడా వినిపించేది. మళ్లీ రికార్డు చేస్తానంటే లిఖిత ఒప్పుకోలేదు.

"పోగు లేకపోతే నా పిల్ల గుమ్మం కూడా దాటదండీ," అని ఇందుమతి టీచరుని బతిమాలింది. "రేపొక్కసారి తనకి ఏం చెయ్యాలో మీరేమీ చెప్పకండమ్మా," అందావిడ.

మర్నాడు పొద్దున లెక్కల పుస్తకం సంచీలో పెట్టి, లిఖిత గోడకేసి చూస్తూ నిలబడిపోయింది. నోరు జారకుండా ఇందుమతి పెదవి కొరుక్కుంది.

"కుయ్‌య్..." అంది లిఖిత, తనే. టిఫిన్ డబ్బా పెట్టుకుంది. మళ్లీ "కుయ్‌య్..." అని నీళ్ల సీసా. ఇంకో కూతకి బూట్లు.

గుమ్మం దాటబోతూ వెనక్కి చూసింది. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. వెనకాల స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి.

"అమ్మా, ముందు స్టవ్ కట్టెయ్. తర్వాత ఏడుద్దువుగాని," అని, ఒక్క క్షణం ఆగి, అమ్మ కోసం "కుయ్‌య్" అంది.