ఆటలో పడ్డ గొంతు

"నా గొంతు కోసం ఆ తుపాకుల ఆటవాళ్ళని అడిగావా?" అంది అమ్మ. గట్టిగా అరుద్దామనుకుంది గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. ఆ లోటు మంచం పట్టె మీద చేత్తో చరిచి తీర్చుకుంది.

ఇంకెవరిని అడగమంటావంది కూతురు, ఫోనులోంచి తలెత్తకుండానే.

నిజమే, అడగడానికి ఎవరూ మిగల్లేదు. గొంతులో గడ్డతో పాటు స్వరపేటిక కూడా తీసెయ్యాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆ తర్వాత ఫోనులో టైపు చేస్తే అదే చదివి వినిపిస్తుందని, పాత రికార్డింగులు దండిగా ఉంటే అచ్చం ఆవిడ గొంతుతోనే పలికిస్తుందని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. ఇప్పుడు రికార్డు చేద్దామంటే మాట అప్పటికే గుసగుసలోకి దిగిపోయింది. పాతవి వెతికితే ఒక్కటీ దొరకలేదు. వాయిస్ మెసేజ్ పెట్టమంటే, గోడతో మాట్లాడినట్టుంటుందని అమ్మ ఎప్పుడూ పెట్టలేదు. పెళ్ళి వీడియోలో నోరు కదులుతుంది, పైన సినిమా పాట వస్తుంది.

ఆవిడ పెద్దాసుపత్రి ఓపీ కౌంటరులో రోగుల పేర్లు పిలిచే ఉద్యోగి. మైకు పాడైన రోజు కూడా కింది అంతస్తులో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచి వచ్చేవాళ్ళు. అలాంటి గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

కూతురు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే హెడ్‌ఫోన్ తగిలించుకుని ఆన్‌లైన్‌లో ఒక జట్టుతో ఆడుతుంది. ఆ జట్టులో ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు. బుల్లెట్, పెద్దాయన, నత్త, ఇవీ వాళ్ళ పేర్లు. సొంత పేరు చెప్పుకోవడానికి మొహం చెల్లనివాళ్ళు మంచివాళ్ళెలా అవుతారని అమ్మ వాదన.

ఆ మంచివాళ్ళు కానివాళ్ళ దగ్గర్నుంచే ఫైళ్ళు రావడం మొదలైంది. ఆడిన ప్రతి ఆటా రికార్డు చేసి దాచుకోవడం బుల్లెట్‌కి అలవాటట. కూతురు మొదటిది పెట్టింది. దడదడమని కాల్పులు, ఎక్కడో బాంబు, ఆ పొగ మధ్యలోంచి అమ్మ గొంతు: "ఆరేసిన బట్టలు తియ్యమన్నానా లేదా?"

అమ్మ మొహం పాలిపోయింది. రెండో దాంట్లో కిందింటావిడ పిసినారితనం గురించి పూసగుచ్చినట్టు చెబుతోంది. మూడో దాంట్లో గిన్నెలు తోముతూ కూనిరాగం. కూతురి మైకు ఇన్నాళ్ళూ ఇల్లంతటినీ తీసుకెళ్ళి ఊరూపేరూ లేనివాళ్ళ చెవుల్లో పోసిందన్నమాట.

చివరిది నత్త పంపాడు. అందులో కాల్పుల్లేవు, కేకల్లేవు. ముందూ వెనకా శుభ్రంగా కత్తిరించిన ఒకే ఒక్క మాట: "లేచి రావే, అన్నం చల్లారిపోతోంది. ఎన్నిసార్లు పిలవాలి?"

"ఇదొక్కటే కత్తిరించి పెట్టుకున్నాడంటే ఎందుకంటావ్?" అని గుసగుసలాడింది అమ్మ. "నలుగురికీ పంచి నవ్వుకోడానికి."

కూతురికీ అదే అనుమానం. జట్టులో అందరినీ ఆటపట్టించేది నత్తే. ఎందుకు దాచావని అడిగితే, మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదు. ఇష్టం లేకపోతే అన్నీ తీసేయమంటానని ఫోను మంచం మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అమ్మ కాసేపు ఫోను వంక కొరకొరా చూసింది. తర్వాత ఆ కూనిరాగం మళ్ళీ పెట్టుకుంది. కళ్ళు మూసుకుని వింది. కూతురు తిరిగి వచ్చేసరికి మళ్ళీ మొదట్నుంచీ పెడుతోంది.

"వాళ్ళ ఆట దిక్కుమాలినదే," అంది. "గొంతు నాదేగా. కానియ్యి."

జట్టువాళ్ళు ఆట కట్టిపెట్టి పనిలో పడ్డారు. ఫైళ్ళు వంతులేసుకుని, కాల్పులు ఒకవైపు, అమ్మ ఒకవైపు ఏరడం మొదలుపెట్టారు. పెద్దాయన డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాడని అప్పుడే తెలిసింది. అందరూ ఏరిందంతా ఆయన దగ్గర చేరి, గరగరలు పోయి, నిగనిగలాడుతూ బయటికొచ్చేది. ఇంత పని ఎందుకు నెత్తినేసుకున్నారని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

ఆపరేషను అయింది. ఇంటికొచ్చాక ఒక ఉదయం, మెడకి కట్టుతో సోఫాలో కూర్చున్న అమ్మ ఫోనులో ఏదో నొక్కింది.

"పాలు పొంగుతున్నాయి చూడు," అంది ఇంట్లో అమ్మ గొంతు.

కూతురు గది ఊడుస్తూ చీపురు పడేసి వంటింట్లోకి పరిగెత్తింది. స్టవ్ ఆర్పి, చెయ్యి దాని మీదే ఉంచి అలాగే నిలబడిపోయింది. తర్వాత వచ్చి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. అమ్మ ఇంకేమీ టైపు చెయ్యలేదు, జుట్టు నిమురుతూ ఉండిపోయింది.

ఆ సాయంత్రం జట్టు కలిసినప్పుడు తననూ మాట్లాడనివ్వమంది అమ్మ. ఒక్కొక్కరినీ పేరుపెట్టి పలకరించింది. పేర్లు పిలవడం ఆవిడకి కొత్తా? మీరు నాకు నోరిచ్చారు నాయనా అంటే బుల్లెట్ దగ్గాడు. పెద్దాయన, కూనిరాగం మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానని అనుమతి అడిగాడు. నత్త అలికిడి లేదు.

అమ్మ నిదానంగా టైపు చేసింది.

"నత్తా, నీ మీద నాకు కోపం లేదయ్యా. నవ్వుకుంటే నవ్వుకున్నావులే. నువ్వూ పంపబట్టే ఈవేళ మాట్లాడుతున్నాను, నీకు రుణపడి ఉన్నాను. కానీ ఆ ఒక్క మాటే ఎందుకు దాచుకున్నావో చెప్పు."

లైను తెగిందేమోనని కూతురు చూడబోతుండగా నత్త నోరు విప్పాడు.

"నవ్వుకోడానికి కాదాంటీ. ఈ గదిలో ఉండేది నేనొక్కణ్ణే, అది అలారంగా పెట్టుకున్నాను. రోజూ మీరు పిలిస్తేనే లేచి అన్నం తింటున్నాను."