ఒక్క కుండీ తప్ప

పళ్ళ డాక్టరు తోటమాలిని కాలరు పట్టుకుని మూడంతస్తుల మెట్ల మీదుగా మేడపైకి ఈడ్చుకొచ్చాడు.

"చూడు! కళ్ళు పెద్దవి చేసుకుని చూడు! అరవై కుండీలు. ఒక్కటైనా బతికినట్టుందా?"

లేదు. నిమ్మ, గులాబి, మల్లె, మిరప... అన్నిటికీ కామెర్లొచ్చినట్టు ఆకులు పసుపుబారిపోయాయి. పన్నెండు రోజుల క్రితం ఊరెళుతూ డాక్టరు వాటిని మిషనుకు అప్పగించాడు. పెద్ద కుండీ మట్టిలో తడిని కనిపెట్టే పుల్ల ఒకటి గుచ్చి ఉంటుంది. ఆ మట్టి ఆరితే మోటారు దానంతటదే తిరిగి, సన్న గొట్టాల్లోంచి అన్ని కుండీలకూ నీళ్ళు పంపుతుంది. ఆ మట్టి తడవగానే ఆగిపోతుంది. ఇక మాలితో పనేముంది? "నేను వచ్చేదాకా ఈ ఛాయలకు రాకు" అని ఫోన్లో గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు.

"ఏ మందు పోశావురా?"

"నేను రానేలేదయ్యా! మీరు రావద్దన్నారు కదా."

"మరి దయ్యాలొచ్చి పోశాయా?"

"నా పిల్లల మీద ఒట్టు. గేటు కూడా ముట్టుకోలేదు. కావాలంటే అమ్మగారిని అడగండి."

ఆ మాటకే మొదటి దెబ్బ పడింది. పళ్ళు ఊడగొట్టడం డాక్టరుకు వృత్తే. ఇవాళ మత్తుసూది వేసే ఓపిక లేదు, అంతే. మాలి నోట్లోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

"ఆవిడ పుట్టింటికెళ్ళింది. ఇంకోసారి ఆవిడ ఊసెత్తావంటే నాలుక కోస్తా."

మాలి చేత్తో నెత్తురు తుడుచుకున్నాడు. డాక్టరు సంగతి వీధి వీధంతటికీ తెలుసు. మొక్కకు చీడ పడితే ఆ పూట అన్నం ముట్టడు. మనిషి కాలు విరిగి పడి ఉన్నా దాటుకుని పోతాడు. అలాంటి వాడి చేతిలో పడ్డాక నోరు మూసుకోవడమే తెలివి. అయినా రెండో దెబ్బ కడుపులో పడింది. మూడోది పార కర్రతో వీపు మీద.

తర్వాత డాక్టరు అతన్ని పిట్టగోడ మీదికి వంచాడు. మాలి సగం శరీరం బయట గాల్లో వేలాడింది. కింద వీధిలో ఎవరో చూసి కేక పెట్టారు.

"పది నిమిషాలు టైమిస్తున్నా. కారణం చెప్పావా, మెట్ల మీంచి దిగుతావు. చెప్పలేదా, ఇటు నుంచి దిగుతావు."

వదలగానే మాలి కుండీల మీద పడ్డాడు. పాతికేళ్ళ పని అతని చేతులకు గుర్తుంది.

"అయ్యా, చిగుళ్ళు మాత్రమే పసుపైతే మట్టిలో ఇనుము తక్కువని. అడుగాకులు మాత్రమే అయితే ఎరువు తక్కువని. ఇక్కడ పైవీ కిందివీ కలిసే పోయాయి." మట్టిని వేలితో నొక్కాడు. నీళ్ళు పైకి ఊరాయి. నిమ్మ మొక్కను పెరికాడు. వేళ్ళు నల్లగా ఉన్నాయి. పట్టుకుంటే పైతోలు జారి చేతికొచ్చింది. కంపు గుప్పుమంది. "మందు కాదయ్యా. నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళాయి."

"ఎలా ఎక్కువవుతాయిరా గాడిదా? తడి తగిలితే మోటారు ఆగాలి కదా!"

డొక్కలో ఒక తన్ను పడింది. అబద్ధమాడితే తన్నే, నిజం చెప్పినా తన్నే. మాలికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మోకాళ్ళ మీద పాకుతూ వరస చివరికి వెళ్ళాడు. పుల్ల గుచ్చిన పెద్ద కుండీ సామాన్ల గది తలుపు పక్కన ఉంది. అందులో వేలు పెట్టాడు. దిగలేదు. మట్టి పెంకులా ఎండిపోయింది.

"దొరికిందయ్యా! అరవైలో దీనికొక్కదానికే నీళ్ళందలేదు. దీని గొట్టం ఎవరో ఊడదీశారు. పుల్లేమో ఎండిపోయానని మొత్తుకుంటుంటే మోటారు ఆగకుండా తిరిగింది. దీని దాహం తీరక మిగతావన్నీ మునిగి చచ్చాయి."

డాక్టరు ఎత్తిన కాలు దించాడు.

"ఎలకలేమో" అన్నాడు. గొంతు మారింది.

"కొరికిన గుర్తు లేదయ్యా. చక్కగా మెలితిప్పి తీశారు. ఇది మనిషి పనే."

"సరే, తెలిసింది కదా. ఇక ఇంటికి పో."

"పోవడమేంటయ్యా?" మాలికి ఎక్కడలేని తెగింపు వచ్చింది. ఇన్ని తిన్నాక ఇంకొకటి ఎక్కువా? "రేపు మళ్ళీ నేనే అంటారు. వీధంతా నేనే అంటుంది. వాడెవడో తేల్చుకునే దిగుతా."

"పొమ్మన్నానా!" డాక్టరు పార అందుకున్నాడు. ఈసారి కర్ర వైపు కాదు, ఇనుము వైపు తిప్పి మాలి తల మీదికి ఎత్తాడు.

అప్పటికే మెట్ల మీద అడుగుల చప్పుడు. కింద కేక పెట్టిన పాలవాడు, పక్కింటి టైలరు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. ఇద్దరు కలిసి పారను ఒడిసిపట్టారు. డాక్టరు ఎద్దులా పెనుగులాడాడు. "వాణ్ణి అక్కణ్ణించి లాగండి! ముందు లాగండి!" అని అరిచాడు.

మాలి ఎవరి మాటా వినలేదు. ఊడిన గొట్టం గచ్చు మీదుగా పోయి సామాన్ల గది తలుపు కింద, రెండువేళ్ళ సందులోంచి లోపలికి దూరి ఉంది. నలుగురి ముందూ తన మాట నిలబెట్టుకోవాలని దాన్ని పట్టుకుని లాగాడు. రాలేదు. ఇంకాస్త బలంగా లాగాడు.

పన్నెండు రోజుల క్రితం గొంతు నులిమి, చచ్చిందనుకుని డాక్టరు తాళం వేసి వెళ్ళిన ఆ గదిలోంచి, అతని భార్య ఆ గొట్టాన్ని వెనక్కి లాక్కుంది.