చారలమ్మ కుండీ

ఎండాకాలమొస్తే కాకి కూడా కాలు మార్చి మార్చి నిలబడే పెరడు ఒకటుంది లెండి. అక్కడ చారలమ్మ అనే ఉడత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఓ పాత కుండీలో వంగమొక్క నాటింది. నీళ్లు ఒక్క చుక్క కూడా వృథా పోకూడదని కుండీ అడుగు చిల్లిలో కొబ్బరిపీచు కుక్కేసింది. ఎంత తెలివో చూడండి!

మధ్యాహ్నమయ్యేసరికి మొక్క తల వాల్చేసేది. "దాహమా నాన్నా?" అంటూ చారలమ్మ చిప్పెడు నీళ్లు పోసేది. ఎన్ని పోసినా ఆకులు పసుపెక్కాయే గానీ తల లేవలేదు. నాలుగోరోజు, "నన్నొదిలేసి పోతావా?" అని కుండీని వాటేసుకుని ఏడ్చేసింది.

అప్పుడు మట్టిలోంచి మెత్తయ్య అనే వానపాము తడిసి ముద్దై పైకొచ్చాడు.

"ఏడుపాపు తల్లీ, ఆ కన్నీళ్లూ మా ఇంట్లోకే వస్తున్నాయి! నాకసలే ఈత రాదు."

"దానికి దాహం బాబాయ్!"

"దాహం కాదే పిచ్చిపిల్లా, వేళ్లకి ఊపిరాడటం లేదు. ఎండకి వాలిన తల సాయంత్రానికి అదే లేస్తుంది. ముందు ఆ కింది తలుపు తియ్యి."

చారలమ్మ పీచు లాగేసింది. నీళ్లు బుడబుడమని పోతుంటే, తన ప్రాణమే పోతున్నట్టు చూసింది.

"మరి నేనేం చెయ్యను బాబాయ్? ఊరికే చూస్తూ కూర్చోనా?"

"తోకుందిగా నీకు?"

మర్నాటి నుంచి మధ్యాహ్నం కాగానే చారలమ్మ కుండీ అంచున కూర్చుని తోకని గొడుగులా పట్టేది. ఎండ తన వీపు మీద, నీడ మొక్క మీద. నెల తిరిగేసరికి, ఆ తోక కిందే ఓ ఊదారంగు పువ్వు విచ్చుకుంది.